వేడినీళ్ల గ్లాసు

"బీరుని వేడినీళ్లలో పెట్టావేంటయ్యా?"

బీరు కాచే బ్రూమాస్టర్ కేకకి, రుచి చూడటానికి వచ్చిన ముగ్గురూ తలతిప్పారు.

గ్లాసులు కడిగే ముసలాయన సింకు పక్కన నిలబడి ఉన్నాడు. పనిలో చేరి మూడు రోజులు. ఎదురుగా వేడినీళ్ల గిన్నెలో మూతపెట్టిన బీరు గ్లాసు.

"కాస్త వేడిచేసి వాసన చూద్దామని సార్."

"పిల్స్‌నర్ అయ్యా అది! జర్మన్ పద్ధతిలో చేసింది. చల్లగా తాగాలి. టీ అనుకున్నావా?"

అందరూ గొల్లుమన్నారు.

బ్రూమాస్టర్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఏడేళ్లు ఒకరి కింద చాకిరీ చేసి, మొదటిసారి సొంతంగా కాచిన బీరు ఇది. రేపు సీసాల్లో పట్టాలి. బాగుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. యజమానురాలు మొహమాటం లేకుండా చెప్పేసింది.

అతని ధైర్యమంతా బల్లమీది పాత నోటుపుస్తకం. మూతపడ్డ ఏదో బీరు ఫ్యాక్టరీ ట్యాంకుల్ని వేలంలో కొంటే, వాటితోపాటు వచ్చింది. ఎవరు రాశారో తెలియదు. లోపలంతా ముత్యాల్లాంటి అక్షరాలు. పులియడం అయిపోయిన బీరులో చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వుల్ని ఉడికించకుండా వేసి నానబెట్టే పద్ధతి అందులోదే. చివరి పేజీ మాత్రం ఎవరో చింపేశారు. అంత వివరంగా రాసినాయన ముఖ్యమైనదాన్ని చివరి పేజీదాకా దాచుకుంటాడా అని అతని ధీమా.

"ఇది రాసినాయన కనబడితే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను మేడమ్" అన్నాడు, రోజూ అనేదే.

"ముందు బీరు సంగతి చూద్దాం" అంది యజమానురాలు.

గ్లాసులు ఎత్తారు. లేత గడ్డిరంగు. పైన చిక్కటి తెల్ల నురగ. నిమ్మతొక్క వాసన, వెనకే అప్పుడే కోసిన పచ్చిక వాసన.

"చేదు నాలుకమీద నిలబడి మర్యాదగా దిగిపోతోంది. ఎనిమిదిన్నర" అన్నాడొకాయన.

"నావి తొమ్మిది" అన్నాడు రెండో ఆయన.

"నావీ తొమ్మిదే" అంది యజమానురాలు.

బ్రూమాస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ముసలాయన ఆ వేడినీళ్ల గ్లాసుని చల్లార్చి తెచ్చి, అతని ముందు పెట్టాడు.

"ఒక్కసారి చూడండి సార్. వెన్న వాసన కొడుతోంది."

యజమానురాలి కనుబొమలు ముడిపడ్డాయి.

బ్రూమాస్టర్‌కి మరుక్షణం ఒళ్లు మండింది. కోపం ముక్కుమీదికొస్తే ముక్కు ఇక దేనికీ పనికిరాదు. గ్లాసు ఎత్తి సింకులో పారబోశాడు.

"కడిగేవాడివి కడుక్కో! వెన్నలూ నేతులూ మీ వంటింట్లో చూసుకో."

"చల్లటి బీరులో ఇప్పుడు తెలియదు సార్, సీసాలో తేలుతుంది. పది రోజులు ఆగి పట్టండి." ముసలాయన నోటుపుస్తకం వైపు చూశాడు. "చివరి పేజీ ఉందా అందులో?"

"ఉంటే ఎంత, లేకపోతే ఎంత? నాకు పాఠాలు చెప్తావా? రేపట్నుంచి రాకు."

ముసలాయన చేతులు తుడుచుకుని, జేబులోంచి మడత కాగితం తీసి అందించాడు.

"తీరికున్నప్పుడు చదవండి."

ఏ ఏడుపుగొట్టు అర్జీయో అనుకుని, బ్రూమాస్టర్ దాన్ని నోటుపుస్తకంలో దూర్చేశాడు.

మర్నాడు బీరంతా సీసాల్లో పట్టారు.

మూడు వారాలు తిరక్కుండానే సీసాలు వెనక్కొచ్చాయి. యజమానురాలు ఒకటి మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది.

నిలవ వెన్న వాసన. జలుబు చేసినవాడికైనా తెలిసేంత.

"నీ పుస్తకం పట్టుకుని బయల్దేరు" అంది.

సామాను సర్దుకుంటుంటే కాగితం జారిపడింది. పసుపుపచ్చగా మారిన పాత కాగితం. ఒక అంచు చిరిగి ఉంది.

పుస్తకం చివర మిగిలిన చిరుగుకి ఆనించి చూశాడు. అతికినట్టు సరిపోయింది. అవే ముత్యాల అక్షరాలు.

'పువ్వులు వేశాక బీరు లోలోపల మళ్లీ పులుస్తుంది. తొందరపడితే వెన్న వాసన పడుతుంది. ఒక గ్లాసు వేడినీళ్లలో ఉంచి, వాసన చూడనిదే సీసాల్లో పట్టకూడదు.'

అడుగున అదే దస్తూరీ, ఇంకు మాత్రం కొత్తది:

'నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజు కోపం పట్టలేక ఈ ఒక్క పేజీ చింపుకుపోయాను బాబూ, నా పుస్తకం మీ దగ్గరుందని విని, తిరిగి అతికించి పోదామని వచ్చాను.'