ఇరవైకీ ఎనభైకీ మధ్య

ఒక వస్తువు ఎక్కువ కాలం మన్నితే ఆ ఘనత వస్తువుదా, వాడినవాడిదా?

తర్కం మాష్టారు ఈ ప్రశ్న తనకు తానే వేసుకుని, లాప్‌టాప్ తెర మూలనున్న అంకె వంక చూశారు. ఎనభై. వెంటనే వంగి ఛార్జరు పీకేసి, తీగను చుట్టచుట్టి పక్కన పెట్టారు. ఉద్యోగ విరమణ రోజున విద్యార్థులంతా కలిసి ఇచ్చిన యంత్రం అది. ఈ తొమ్మిదేళ్లలో దాని బ్యాటరీని ఇరవై శాతం కిందికి దిగనివ్వలేదు, ఎనభై దాటనివ్వలేదు.

కిటికీ దగ్గర ఆయన భార్య ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, విప్పిన చేతిగడియారం మూత లోపలివైపు సన్నగా ఏదో రాస్తోంది.

"కొట్లో పని ఇంటికి తేవద్దన్నానా?"

"ఇదొక్కటే. తేదీ వేసేస్తే అయిపోతుంది."

"మూత లోపల రాస్తే ఎవరికి కనిపిస్తుంది?"

"పెట్టుకున్నవాళ్లకి కనిపించదు. మళ్లీ విప్పినవాళ్లకి కనిపిస్తుంది. మా నాన్న నేర్పిన పద్ధతి."

సోఫాలో కూర్చున్న ఆమె తమ్ముడు నవ్వాడు. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. ఆ మధ్యాహ్నం అతన్ని పిలిపించింది మాత్రం తగవు తీర్చడానికి. ఆమె గడియారాల కొట్టును తనకిమ్మని పక్కనున్న బేకరీ యజమాని అడుగుతున్నాడు. సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలి. కంటి డాక్టరు ఆమెను పని తగ్గించుకోమన్నాడు. మాష్టారు పూర్తిగా మానేయమన్నారు. వారం రోజుల వాదన నిన్న బ్యాటరీ దగ్గరికి వచ్చి ఆగింది.

"మనిషైనా బ్యాటరీ అయినా ఒకటే," అని ఆయన బావమరిదికి వివరించారు. "ఎప్పుడూ నిండుగా ఉంచినా చేటే, అడుగంటా వాడినా చేటే. మీ అక్క రోజూ సున్నాకి వచ్చేదాకా ఆ స్టూలు దిగదు. నా బ్యాటరీలో సగానికి మించి సత్తువ మిగిలుంటే కొట్టు మూసేస్తావా అని అడిగాను. చాలాసేపు నా మొహం చూసి, సరే అంది."

"మీ మొహంలో ఏం కనిపించిందో పాపం," అన్నాడు బావమరిది. "ముందే చెప్తున్నా బావా, బ్యాటరీకి వాడకం ఒక్కటే కాదు, వయసు కూడా ఉంటుంది. అటక మీద దాచినా తగ్గేది తగ్గుతుంది. తొమ్మిదేళ్లకి నలభై ఉంటే దణ్ణం పెడతా."

"పెట్టడానికి సిద్ధంగా ఉండు. పరుపు మీద పెట్టి వాడను. వేడెక్కనివ్వను. రాత్రంతా తగిలించి వదలను. మధ్యలో రెండుసార్లు కాస్త నీరసించింది, నిజమే. నియమం తప్పకుండా వాడేసరికి దానంతటదే కోలుకుంది."

"కోలుకోవడానికి అదేమన్నా జ్వరమా బావా?"

"నీకు నిష్ఠ అంటే ఏమిటో తెలిస్తేగా!"

బావమరిది యంత్రాన్ని తన ఒళ్లోకి లాక్కుని, పరీక్ష నడిపించాడు. ఫలితం చూసి నిటారుగా కూర్చున్నాడు. మళ్లీ నడిపించాడు.

"సత్తువ నూటికి తొంభై ఒకటి," అన్నాడు నమ్మలేనట్టు.

మాష్టారు ఆశ్చర్యపోలేదు. నిరూపణ ముగిసినప్పుడు తరగతిలో సుద్దముక్క కింద పెట్టేవారే, అలా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఆమె గడియారం మూత బిగించింది. తాళంచెవుల గుత్తి నుంచి కొట్టు తాళంచెవి తీసి ఆయన కళ్లజోడు పక్కన ఉంచింది.

"గెలిచారుగా. టీ పెట్టనా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

మాష్టారు బేకరీకి చెప్పడానికి ఫోను అందుకోబోయారు. బావమరిది యంత్రాన్ని చెవికి ఆనించుకున్నాడు. "ఆగండి బావా. ఇది మీకంటే గట్టిగా గురకపెడుతోంది. ఫ్యానులో దుమ్ము చేరినట్టుంది, తుడిచేస్తా. అక్కా, నీ చిన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

"వద్దులేరా. నడుస్తున్నదాన్ని కెలకడమెందుకు?"

"పొద్దస్తమానం గడియారాలు కెలికేదానివి, నువ్వా ఈ మాట అనేది?"

ఆమె స్క్రూడ్రైవర్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఇంతకుముందు ఎవరైనా విప్పారా బావా?"

"ఎవరు విప్పుతారు? గడప దాటి పోలేదది. పొద్దున గ్రంథాలయానికి వెళ్తూ మూస్తాను, వచ్చి తెరుస్తాను. అంతే."

అడుగుమూత ఊడి వచ్చింది. దుమ్ము తుడవబోయిన బావమరిది చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. అతను వంటింటి వైపు చూశాడు. తర్వాత యంత్రాన్ని బావ ముందుకు జరిపి, కిటికీలో ఉన్న అక్క భూతద్దం తెచ్చి చేతిలో పెట్టాడు.

మాష్టారు వంగి చూశారు. వంటింట్లో గిన్నెలో చెంచా తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన తల ఎత్తలేదు. ఎత్తాక బేకరీకి ఫోను చేశారు.

"కొట్టు ఇవ్వడం లేదండీ... లేదు, ఆలోచించే చెప్తున్నాను. ఇన్నాళ్లూ ఆలోచించకుండా చెప్పాను."

టీ కప్పులతో గుమ్మంలో నిలబడిన ఆమె అడిగింది: "అదేంటి? పందెం గెలిచింది మీరేగా?"

ఆయన తాళంచెవి తీసుకుని చెప్పులు వేసుకున్నారు. "పద, కొట్టు తెరిచే వేళైంది. కళ్లకి శ్రమైన పనులు తగ్గించు. వచ్చినవాళ్లతో మాట్లాడటం, పట్టీలు మార్చడం నాకు నేర్పు, ఇవాళే మొదలుపెడతా."

"మరి సాయంత్రాలు మీ చదువు? ఒంటికి ఇంతకన్నా శ్రమ పనికిరాదంటారుగా?"

"ఎనభై దాటితే కొంపలేం మునగవు."

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు. ఆమె కప్పులు బల్ల మీద పెట్టబోతూ విప్పి ఉన్న యంత్రాన్ని చూసి ఆగిపోయింది.

బ్యాటరీ అంచున, ఆమె సన్నని చేతిరాతలో, పోయినేడాది తేదీ పక్కన ‘మూడోది’ అని ఉంది.