మండని గుంజ

ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ గుంజల్లో ఆఖరిదాన్ని చీనీతోట కంచెలో పాతి, ఓబులేసు పక్క తోట సలాం మీదికి లేచాడు.

“మూడేండ్లుగా నా కట్టె గుంజలు పెరుక్కపోతాండావు. ఇవి పాత ప్లాస్టిక్ కరిగించి చేసినేటివి. నీ పొయ్యిలో మండవులే!”

“మా ఇంట్లో ఉండేది గ్యాసు పొయ్యప్పా. ఎన్నితూర్లు చెప్పాల?” అన్నాడు సలాం విసుగ్గా.

ఆ మాటకు పళ్లు కొరుక్కుంటూనే ఓబులేసు స్నానానికి ఇంటికొచ్చాడు. పెరట్లో నల్లటి పొగ. నీళ్లపొయ్యి ముందు తల్లి సుంకమ్మ దగ్గుతోంది.

“ఇవేం గుంజలురా నాయనా! ఎప్పటి మాదిరే కంచెలో ఒకటి పెరుక్కొచ్చినా. మండేది లేదు, ఒకటే కంపు. నీకు నీళ్లెట్ల కాగబెట్టేది?”

మూడేండ్లుగా పోసుకున్న వేన్నీళ్లన్నీ ఇప్పుడు ఒక్కసారిగా ఓబులేసు ఒళ్లు కాల్చాయి.