ఫొటోకి దండ

టీవీలో హేమ ఫొటోకి దండ వేసి, ముందు దీపం పెట్టారు. సీరియల్లో ఆమె పాత్ర ఆ సాయంత్రంతో చచ్చిపోయింది.

చిరిగిన వల బాగుచేసుకుంటున్న గంగులు దాన్ని విసిరికొట్టి లేచాడు.

"ఒసే లక్ష్మణమ్మా, ఆ టీవీ కట్టీయే! బతికున్న నా కూతురి ఫొటోకి దండేస్తారేటి? ఆల్లకి బుద్ధుండక్కర్లేదా?"

గుమ్మంలో సంచీతో నిలబడ్డ హేమ ఆ మాట వింది. తను నటిస్తానంటే, రేవులో అందరి ముందూ "నా కూతురు సచ్చిపోనాది" అన్నది ఈ నాన్నే. ఆవేళ హైదరాబాద్ బస్సెక్కిన పిల్ల మళ్ళీ ఇవాళే గడప తొక్కింది.

"ఆల్లకంటే ముందు నువ్వే ఏసీసినావు కదా నాన్నా, దండ."

గంగులు గిరుక్కున తిరిగాడు. తల్లి లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రోజూ ఏడుపు సీన్లేనా అని ఎదురడిగినానని ఆల్లు సంపీసినారు. నువ్వు సంపితేనే నాను సావలేదు, ఆల్లు సంపితే సస్తానా? సోమవారం నుంచి ఇంకో సీరియల్. సెప్పిపోదామని వచ్చినాను."

గంగులు వంగి, కింద పడ్డ వలని పక్కకి లాగి, కూతురు కూర్చోడానికి చోటు చేశాడు.

"ఇంకెవుడైనా సచ్చిపోనావంటే ఒప్పుకోకు," అన్నాడు. "నాను అన్నా సరే, ఒప్పుకోకు."