మూర్జోతో ఆదివారాలు

వీధి నడిమధ్య, ఊరంతా చూస్తుండగా, సొతీర్ తన కుక్క గొలుసు తీసి ఫానియా చేతిలో పెట్టాడు.

బితోలాలో ఆదివారం సాయంత్రమైతే జనమంతా ఆ వెడల్పాటి వీధిలోనే ఉంటారు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి, తీరిగ్గా నడుస్తారు. ఎవరు ఎవరి పక్కన నడుస్తున్నారో కాఫీ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు కనిపెడుతూ ఉంటారు. ఒకసారి పక్కన నడిస్తే పలకరింపు. మూడు ఆదివారాలు నడిస్తే సంబంధం. ఇక కుక్క గొలుసే చేతులు మారిందంటే ఊరికి అనుమానం ఏముంటుంది?

మర్నాడు పొద్దున్నే పక్కింటి మెన్కా కంచె మీదుగా తల పెట్టింది.

"మా రోజుల్లో ఉంగరం పెట్టేవాళ్ళే. ఇప్పుడు గొలుసులిస్తున్నారన్నమాట."

"అది కుక్క మెడలోదిలే," అంది ఫానియా.

"ఇవాళ కుక్క మెడలోది. రేపటి సంగతి చూద్దాం."

ఫానియా నవ్వు దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు అరవై ఒకటి. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రిటైరైంది. భర్త పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ పొయ్యి మీద ఒక్క కప్పు కాఫీయే. ఆ పదకొండేళ్ళలో ఆమె గేటు ముందు ఆగిన మొదటి మగవాడు సొతీరే. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఉత్తరాలు పంచుతూ బతుకు గడిపిన పోస్ట్‌మాన్. ఏప్రిల్లో ఒకరోజు, తన కుక్క మూర్జోకి దాహంగా ఉందని మంచినీళ్ళు అడిగాడు. మర్నాడూ మూర్జోకి దాహమేసింది. ఆ మర్నాడూ వేసింది.

మూర్జో నల్లగా, ఒక చెవి చిరిగి, దొంగమొహంతో ఉంటాడు. మొదటి వారంలోనే కిటికీలో చల్లారబెట్టిన జున్ను రొట్టె, బూరెక్‌లో సగం లాగించాడు. ఫానియా చీపురెత్తింది. సొతీర్ మాత్రం, వాడికి మీ చేతి వంట నచ్చిందని తెగ సంబరపడిపోయాడు.

తర్వాత ముగ్గురూ తిరగడం మొదలుపెట్టారు. సంతకు, కొండ మీది ఊటకు, బస్సెక్కి ప్రెస్పా సరస్సుకు. బస్సు డ్రైవరు కుక్కను ఎక్కించనంటే సొతీర్ ఇరవై నిమిషాలు బతిమాలాడు. సరస్సు దగ్గర మూర్జో నీళ్ళలో దూకి వచ్చి, ఫానియా కొత్త జాకెట్ పక్కనే ఒళ్ళు విదిలించుకున్నాడు. ఆమె తిట్టబోయి నవ్వేసింది. అంతలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

"నాకు కాళ్ళు లాగుతున్నాయి. మీరిద్దరూ ఆ రెల్లు దాకా వెళ్ళి రండి," అన్నాడు సొతీర్. రాయి మీద కూర్చుని, దూరమవుతున్న వాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. వీపు మీద ఆ చూపు తెలుస్తుంటే ఫానియా నడుము నిటారుగా పెట్టుకుని నడిచింది. మూర్జో దారిలో వెనకబడితే, అక్కడి నుంచి వాణ్ణి పిలవమని ఆమెకు చెయ్యి ఊపాడు. ఆమె పిలిచింది. మూర్జో ఒకసారి యజమానివైపు చూసి, ఆమె దగ్గరకే పరుగెత్తాడు. వెనక్కి వచ్చేసరికి సొతీర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గాలి ఎక్కువగా ఉందన్నాడు.

ఆయన అడిగే ప్రశ్నలన్నీ ఆమె రాత్రి పడుకుని మళ్ళీ మళ్ళీ తలుచుకునేది. ఇల్లు అమ్మే ఆలోచన ఏమైనా ఉందా? స్కోప్యేలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతారా? చలికాలం పొయ్యి రాత్రంతా వెలుగుతుందా? ఒకసారి, మీరు రోజూ కప్పుకునే శాలువా ఇస్తారా అనడిగాడు. ఉతికి ఇస్తానంది. వద్దు, ఉతకకుండానే కావాలన్నాడు.

ఆ మాట విని మెన్కా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అంత దూరం వచ్చాక ఇంకా అడగడేమే? మనిషి బెంగతో చిక్కి సగమయ్యాడు. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్నాడు. నువ్వే అడిగెయ్."

"నేనా?"

"కుక్క అడుగుతుందా మరి?"

ఫానియా అడగలేదు. కానీ రెండు కప్పులు పట్టే కాఫీ గిన్నె కొనుక్కుంది. వేసవి అయిపోయింది. మిరపకాయలు కాల్చి ఆయ్వార్ పచ్చడి పట్టే రోజులొచ్చాయి. ఈసారి ఇద్దరికి సరిపడా పట్టింది. సీసాలు అలమారాలో వరసగా పేర్చి, అడగకపోతే ఇవన్నీ ఏం చేసుకోవాలి అని వాటివైపే చూస్తూ నిలబడింది.

అక్టోబరులో ఒక ఆదివారం, వీధిలో కలవాల్సిన మనిషి నేరుగా ఇంటికే వచ్చాడు. కోటు, టై. గడ్డం నున్నగా గీసుకున్నాడు. మూర్జోకి కూడా స్నానం చేయించినట్టుంది.

ఫానియా పళ్ళెంలో అంజీర పాకం, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన ఒక చెంచా తిని, నీళ్ళు మొత్తం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఆగాడు.

"ఫానియా గారూ, ఒకటి అడగాలని వచ్చాను. ఇన్నాళ్ళూ నోరు రాలేదు. కాదంటే ఏమీ అనుకోను."

ఏప్రిల్ నుంచి ఆమె దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది.

"అడగక్కర్లేదండీ. నాకు ఇష్టమే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెద్ద బరువేదో దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. మూర్జో వెళ్ళి ఫానియా కాళ్ళ దగ్గర చుట్ట చుట్టుకుని పడుకున్నాడు. ఆమె బల్ల మీదుగా చెయ్యి చాచింది.

"బతికించారు," అంటూ ఆయన ఆ చేతిలో గొలుసు పెట్టాడు, "మూడు నెలలకు మించి ఉండనని మార్చిలోనే చెప్పేశాడు డాక్టరు, వీడు మీకు మాలిమి అయ్యేదాకా ఎలాగో లాక్కొచ్చాను."