నలభై కిలోలు

“చెయ్యి పైకెత్తు,” అన్నాడు పెద్దాఫీసు నుంచి వచ్చిన తెల్లచొక్కా ఆఫీసరు.

జాకీ కుడిచెయ్యి తల పైదాకా ఎత్తాడు. భుజంలో సూది దిగినట్టయింది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు.

“నొప్పి ఉందా?”

“లేదు సార్. మునుపటికంటే బాగుంది.”

లారీ కింద పెట్టే జాకీలా ఎంత బరువైనా లేపుతాడని గోడౌన్‌లో అతనికి ఆ పేరు. నాలుగు నెలల కిందట బస్తాల వరస కూలి తన మీద పడి భుజం కీలు తప్పింది. ఆపరేషనైంది. ఇవాళే పనికి తిరిగొచ్చాడు. ఇంకో మూడు నెలలు ఐదు కిలోలకు మించి ఎత్తకూడదని డాక్టరు చీటీ రాసిచ్చాడు. మళ్లీ కీలు జారితే ఆ చెయ్యి ఇక లేవదని నోటితో కూడా చెప్పాడు.

ఆ చీటీని ఇంట్లో బీరువాలో, దుప్పట్ల కింద దాచాడు. ఆఫీసులో చూపించమని భార్య వారం రోజులుగా పోరుతోంది. చూపిస్తే ఏమవుతుందో ఆవిడకేం తెలుసు? కిందటి నెల నడుం నొప్పని చీటీ తెచ్చినవాణ్ని ఈ తెల్లచొక్కా ఆయనే నిలబెట్టి ఇంటికి పంపేశాడు. ఆ చిరాకులోనే పొద్దున, పాలకని వెళ్లి గంటకి గానీ తిరిగిరాని భార్యను కసిరి మరీ బయల్దేరాడు జాకీ.

“మూడు బస్తాలు,” అన్నాడు ఆఫీసరు. “నేల మీంచి ఎత్తి లారీకి చేర్చు. చేరిస్తే రిజిస్టర్లో పేరుంటుంది. లేకపోతే కొట్టేస్తాను.”

ఆయన పక్కన సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పనివాళ్లు చాటుగా అతన్ని గద్ద అంటారు. చాటుకెళ్లి ఓ క్షణం నడుం వాల్చినవాణ్ని కూడా వంద గజాల నుంచి పట్టేస్తాడు. మూలనున్న మూడు సబ్బుపొడి బస్తాలను గడ్డంతోనే చూపించాడు. ఒక్కోటీ నలభై కిలోలు.

“కానీ. సాయంత్రం దాకా నిలబెడతావా మమ్మల్ని?”

జాకీ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. వంగి బస్తా రెండు చెవులూ పట్టుకున్నాడు. చిన్నకూతురు నిన్న తన జడ వేయించుకుంటూ, నాన్నా నీ చెయ్యి వణుకుతోందేం అని అడగడం గుర్తొచ్చింది. పళ్లు బిగబట్టి, ఊపిరి ఆపి, లాగాడు.

బస్తా గాల్లోకి లేచింది. ఇంకాస్త జోరుగా లాగి ఉంటే వెనక్కి వెల్లకిలా పడేవాడే.

పద్దెనిమిదేళ్లుగా బస్తాలు మోసిన ఒళ్లు. చేతికి తగలగానే తెలిసిపోయింది. ఇందులో సబ్బుపొడి లేదు.

ఎవరి పనో వెంటనే అర్థమైంది. లారీ మీద బస్తాలు అందుకోడానికి నిలబడినవాడు అతని జోడీ, బొంగరం. అంత గుండె ధైర్యం ఇంకెవరికుంది?

జాకీ మోకాళ్లు వంచాడు. అడుగులు చిన్నవి చేశాడు. మెడ ముందుకి వాల్చి, మూలుగుతూ ఇరవై అడుగులు నడిచి లారీకి వీపు ఆనించాడు. బొంగరం బస్తా అందుకున్నాడు. ఒక్క క్షణం కళ్లు పెద్దవయ్యాయి. అంతలోనే “అబ్బా, మెల్లగా” అంటూ దాన్ని దించి, దబ్బుమనేలా మడమతో లారీ చెక్కను తన్నాడు.

రెండో బస్తాను పట్టుకుని ముందు కాస్త కదిపి చూశాడు. ఒక్కటే మార్చాడేమో. కాదు, అదీ తేలికే. మోసి, తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. చెమట మాత్రం నిజమైనదే.

మూడోదానికోసం వంగబోతుంటే, “ఆగు,” అన్నాడు ఆఫీసరు. బస్తా దగ్గరికి వచ్చి చొక్కా చేతులు మడిచాడు. “అసలీ బరువెంతుంటుందో నేనూ ఓసారి చూస్తాను.”

లారీ మీద బొంగరం రాయిలా నిలబడిపోయాడు. ఆఫీసరు చెయ్యి బస్తాకు జానెడు దూరంలో ఉంది.

“వద్దు సార్,” అన్నాడు గద్ద. “పొడిలో రంగు చొక్కాకి అంటితే నాలుగు ఉతుకులకీ పోదు. తడి తగిలితే నీలం మరకలు.”

ఆఫీసరు తన చొక్కా వంక చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడో బస్తా కూడా లారీ చేరింది. ఆఫీసరు రిజిస్టర్లో సంతకం పెట్టి, తన కారెక్కి వెళ్లిపోయాడు. బొంగరానికి ఎలా రుణం తీర్చుకోవాలా అని జాకీ అనుకుంటుండగానే గద్ద అద్దాల గదిలోంచి వేలితో పిలిచాడు.

“తలుపెయ్యి.”

వేశాడు.

“నలభై కిలోలు దించినవాడు ముందు నడుం నిలబెట్టుకుంటాడు. నువ్వు ముందు చెమట తుడుచుకున్నావు. ఆయన ఏనాడూ బస్తా మోయలేదు కాబట్టి బతికిపోయావు.”

పోతే తన ఒక్కడి ఉద్యోగమే పోవాలి. బొంగరానికీ పిల్లలున్నారు.

“నేనే మార్చాను సార్. ఇంకెవరికీ సంబంధం లేదు.”

“నువ్వా? ఎప్పుడు? పొద్దున్నుంచీ ఆ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ని నేను.”

గద్ద సొరుగు లాగి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. నాలుగు మడతల చీటీ. దుప్పట్ల కింద ఉండాల్సిన చీటీ.

“తెల్లారగానే పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చింది మీ ఆవిడ. పేరు రిజిస్టర్లో ఉన్నవాడికి ఏ పని చెప్పాలో అది నా ఇష్టం. రేపట్నుంచి మూడు నెలలు తూకం దగ్గర కూర్చో.”

జాకీ చీటీ చేతిలోకి తీసుకున్నాడు. చీటీలో డాక్టరు కింద గీత గీసిన అంకె మసకమసగ్గా కనిపిస్తోంది.

“ఐదు దాటకూడదని రాసుందిగా,” అన్నాడు గద్ద విసుగ్గా. “మూడింటిలోనూ స్పాంజి ముక్కలు కూరి, తూచే కుట్టాను. ఒక్కోటీ నాలుగున్నర.”