కుడివైపు ఆక్సిజన్లు

ప్రేబెన్ కారు తలుపు మళ్లీ విసురుగా వేశాడు. కెమిస్ట్రీ మాస్టారు టోర్కిల్ ఎడమచెయ్యి ఇంకా అందులోనే ఉంది.

వేళ్లు పటపటా విరిగాయి. టోర్కిల్ గావుకేక పెట్టాడు. ఎస్బియర్ రేవులో ఆ గాలికి ఎవరికి వినపడుతుంది!

“పోయినవారం మర్యాదగా చెప్పాను. కుదరదన్నావ్,” అన్నాడు ప్రేబెన్. పాత కార్లను తుక్కు చేసే యార్డు వాడిది. మనుషుల్నీ అలాగే చూస్తాడు, దుర్మార్గుడు. “రేపు మా ఫ్రోడెగాడికి నీ దగ్గర నోటి పరీక్ష. అదే ఆఖరిది. వాడు నాకు ఒక్కగానొక్క కొడుకయ్యా మాస్టారూ! వాడి బతుకు నీ చేతిలో ఉంది. ఆ రెండో చెయ్యి కావాలా, వద్దా?”

“కావాలి.”

“మరి నేను చెప్పింది గుర్తుందిగా?”

“ఉంది,” అంటూ ఏడ్చేశాడు టోర్కిల్.

మర్నాడు టోర్కిల్ కట్టుతోనే పరీక్ష పెట్టడానికి కూర్చున్నాడు. పక్కన కిర్‌స్టినె. వేరే స్కూలు నుంచి మార్కులు వేయడానికి వచ్చింది.

“చేతికేమైందండీ?”

“కారు తలుపులో పడింది.”

ఫ్రోడె బోర్డు మీద అమ్మోనియా, ఆక్సిజన్ రాశాడు. బాణం గీసి, అటువైపు నైట్రిక్ ఆక్సైడ్, నీళ్లు రాశాడు. ఇక సమీకరణాన్ని తుల్యం చెయ్యాలి. ఎంతకీ కుదరలేదు. చివరికి నైట్రిక్ ఆక్సైడ్ ఫార్ములాలోనే ఒక రెండు అంకె ఇరికించాడు. కిర్‌స్టినె మొహం చిట్లించింది. ఇంకో నిమిషం ఇలాగే సాగితే వాడు పరీక్ష తప్పడం ఖాయం.

కిటికీ అవతల ప్రేబెన్ నిలబడి చూస్తున్నాడు. టోర్కిల్‌కి ఒళ్లంతా చెమట. అయినా నోరు విప్పాడు.

“ఫార్ములా జోలికి పోకురా. ముందున్న అంకెలు మార్చు. కుడివైపు ఆక్సిజన్లు ఎన్నో లెక్కపెట్టు.”

“పరీక్ష వాడికా, మీకా?” అంది కిర్‌స్టినె.

ఫ్రోడె ఆ రెండు అంకె చెరిపేశాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. నాలుగు, అయిదు, నాలుగు, ఆరు. హమ్మయ్య, సరిపోయింది!

అత్తెసరు మార్కులే. కానీ పాస్.

వరండాలో తల్లి వాడి నెత్తిన, స్కూలు చదువు పాసైనవాళ్లు పెట్టుకునే తెల్లటోపీ పెట్టి, “ఇక కోపెన్‌హేగెన్ వెళ్లి చదువుకోరా నాన్నా!” అని ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రేబెన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి టోర్కిల్ కుడిచెయ్యి పట్టుకున్నాడు. థాంక్స్ చెబుతున్నాడనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

“ఫెయిల్ చెయ్యరా అంటే పాస్ చేసి పారేశావ్, ఇక వీడు నా యార్డులో ఉంటాడట్రా?” అంటూ ఆ వేళ్లను వెనక్కి విరిచాడు ప్రేబెన్.