పొదచాటు విద్యార్థి

ఒక కోళ్లదొడ్డిలో బాతు టీచరమ్మ ఇంగ్లీషు క్లాసు పెట్టింది. ఆవిడ ఒక మాట అంటే కోళ్లన్నీ గొంతు చించుకుని అదే మాట అనాలి. అర్థం అడిగితే మాత్రం ఆవిడకు చిర్రెత్తుకొచ్చేది. "ముందు నోరు తిరగనీ, అర్థం దానంతటదే వస్తుంది" అని కసిరేది.

కంచె అవతలి పొదలో కూర్చుని నక్క కూడా రోజూ పాఠం వినేది. కోళ్లతో పాటు సన్నగా గొంతు కలిపేది, అవి కూర్చుంటే కూర్చునేది, లేస్తే లేచేది. ఇంగ్లీషులో అడిగితే ఏ కోడీ కాదనలేదని దాని ధీమా.

ఒకరోజు టీచరమ్మ ఈతకు వెళ్లడం చూసి, నక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మే ఐ కమిన్?"

"యెస్, కమిన్!" అన్నాయి కోళ్లన్నీ ఒక్క గొంతుతో. అలవాటు మరి.

నక్క లోపలికొచ్చి నోరు తెరిచింది. కోళ్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చెయ్యాలో తోచక తర్వాతి పాఠం అందుకున్నాయి.

"సిట్ డౌన్!"

నక్క టక్కున కూర్చుంది.

"స్టాండప్!"

లేచి నిలబడింది.

"హ్యాండ్సప్!"

ముందుకాళ్లు రెండూ పైకెత్తింది.

అల్లరి చేసినప్పుడల్లా టీచరమ్మ తనను అనే మాట ఒక పెట్టకు గుర్తొచ్చింది. "గెటౌట్!" అని అరిచింది.

"థాంక్యూ టీచర్" అని నక్క బుద్ధిగా బయటికి నడిచింది.

ఇంటి దగ్గర ఆడనక్క మసాలా నూరి సిద్ధంగా కూర్చుంది. "కోడి ఏదయ్యా?" అని అడిగింది.

"రేపు తెస్తాలేవే," అంది నక్క నీరసంగా. "ఈసారి తెలుగులో వెళ్తాను."